పొగమంచులో మా గరాజ్ సేల్

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు బలంగా ఉండేవి. మార్కెటింగ్‌లో డిప్లొమా చేసినవాళ్ళు ఈ ప్రపంచంలో దేన్నయినా అమ్మేయగలరన్నది మొదటిది. అలా చేసినవాళ్ళలో నన్ను మించినవాళ్ళు లేరన్నది రెండోది. ఈ రెండూ మనసులో పెట్టుకుని ఆక్లాండ్‌కి రెండు గంటల దూరంలో ఉన్న హామిల్టన్ ఊరి చివర ఒక షెడ్డులో నారింజ రంగు కోటు వేసుకుని రోజుకి ఎనిమిది గంటలు కోడిగుడ్లు అట్టపెట్టెల్లో సర్దుతూ ఉండేదాన్ని. (గుడ్లు అమ్ముడుపోవడానికి నా డిప్లొమా అవసరం ఎవరికీ కలగలేదు. అవి వాటంతట అవే అమ్ముడుపోయేవి.) సాయంత్రం ఇంటికొచ్చి ఉద్యోగాలకి దరఖాస్తులు పంపడం, పొద్దున లేచి "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అన్న జవాబులు చదువుకోవడం. ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషి నిరాశలో కూడా ఎంత హుషారుగా ఉండగలదో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

యూనివర్సిటీ దగ్గర ఒక పాత చెక్క ఇంట్లో ముగ్గురం ఆడపిల్లలం అద్దెకుండేవాళ్ళం. ఆడపిల్లలం అన్నాను గానీ, మాలో పెద్దావిడ నెల్లూరు అక్కకి అప్పటికే ఐదేళ్ళ కూతురుంది. భర్తనీ కూతురినీ ఇండియాలో ఉంచి, ముందుగా తనొచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది. రెండో ఆమె వరంగల్. ఊరి పేరుతో తప్ప అసలు పేరుతో ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. పిలిస్తే ఆమె కూడా పలికేది కాదు. ఒక కంపెనీలో లెక్కలు చూసేది, మా ముగ్గురిలో కారున్న ఏకైక వ్యక్తి కావడంతో ఇంట్లో ఆమె మాటకి కొంచెం ఎక్కువ విలువ ఉండేది. నన్ను కాకినాడ అనేవారు.

ఆ ఇంటికి ఒక గరాజ్ ఉండేది గానీ అందులోకి ఎన్నడూ కారు దూరిన దాఖలా లేదు. మాకంటే ముందు ఆరేడు బ్యాచ్‌ల తెలుగు పిల్లలు ఆ ఇంట్లో ఉండి చదువుకుని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరూ "తరవాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందిలే" అన్న సద్బుద్ధితో ఏదో ఒకటి గరాజ్‌లో పెట్టి పోయేవారు. తరవాత వచ్చినవాళ్ళు దాన్ని వాడకుండా తమది ఇంకొకటి దానిమీద పెట్టి పోయేవారు. అలా పేరుకున్నవాటిలో తొమ్మిది రైస్ కుక్కర్లు (మూతలు నాలుగే), చక్రాలు ఊడిన సూట్‌కేసులు, స్ట్రైకర్ లేని క్యారమ్ బోర్డు, ఒక పెడల్‌తోనే తిరిగే వ్యాయామం సైకిలు, చేపలు లేని చేపల తొట్టి, ఇవికాక లెక్కలేనన్ని కంబళ్ళు ఉండేవి.

ఒక శుక్రవారం ఇంటి యజమాని నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు అమ్మేశాననీ, కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకుంటారనీ, నెలాఖరుకి ఇల్లూ గరాజూ ఊడ్చినట్టు ఖాళీ చేయాలనీ, చేయకపోతే ఆ చెత్త మోయించే ఖర్చు మా అడ్వాన్సులోంచి పట్టుకుంటాననీ దాని సారాంశం. వరంగల్ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఎవ్వలో పెట్టిపోయిన సామాన్లకు మనం పైసలు కట్టుడేందే?" అని గరాజ్ తలుపు ఎత్తి లోపలికి చూసి, మళ్ళీ దించేసింది.

ఉపాయం చెప్పింది పక్కింటి మామ్మ. ఆవిడ తెల్లావిడ. ఎనభైకి దగ్గర పడ్డా గులాబీ మొక్కలకి తనే గొప్పులు తవ్వేది. కంచె మీదుగా మా గోడు విని, "శనివారం పొద్దున గరాజ్ సేల్ పెట్టండి డియర్, ఈ ఊళ్ళో శనివారం తెల్లారితే సగం మందికి అదే షికారు" అంది. ఇంటి వాకిట్లో పాత సామాన్లు పరిచి వచ్చినవాళ్ళకి అయినకాడికి అమ్మేయడం, అంతే. కానీ ఆ మాట వినగానే నా ఒళ్ళు పులకరించింది. రెండేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న అవకాశం గులాబీ కంచె మీదుగా వచ్చింది! "దీని ప్రచారం మొత్తం నాకొదిలేయండి" అన్నాను. నెల్లూరు అక్క "సరేలేమ్మే" అంది, పెద్దగా పట్టించుకోకుండా. ఆ సరేలేమ్మే ఖరీదు ఎంతో ఆవిడకి అప్పుడు తెలియదు.

ఆ రాత్రే కూర్చుని ప్రకటన రాశాను. డిప్లొమాలో నేర్చుకున్న పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలన్నీ అందులో దించాను. అనుభవజ్ఞులైన గృహోపకరణాలు, మీ జీవనశైలికి నూతన అధ్యాయం, ఈ ధోరణిలో ఒక పేజీన్నర. పొద్దున్నే మామ్మకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చివరిదాకా చదివి, "మీ దగ్గర కుర్చీలున్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "అయితే కుర్చీలు అని రాయి." పెన్సిలు తీసుకుని పేజీన్నరా కొట్టేసి, కింద నాలుగు ముక్కలు రాసింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ వీధి, ఏమేం ఉన్నాయి. చివర "ఎనిమిదికి ముందు రావద్దు" అని గీత గీసి మరీ చేర్చింది. ముందే వచ్చి మంచి సరుకు ఎత్తుకుపోయేవాళ్ళు ఉంటారట. నేను రెండేళ్ళు ఫీజు కట్టి నేర్చుకోలేనిది ఆవిడ కంచె అవతల నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేసింది. ఆ అవమానాన్ని ఉత్సాహంగా మార్చుకోవడం ఆ వయసులో నాకు బాగా వచ్చు.

ఇక ఆ రెండు వారాలూ నాకు నిద్ర లేదు. నిద్ర పట్టక కాదు, నిద్రపోతే ఆలోచనలు వృథా అవుతాయని. సామాన్లు తుడిచి, కడిగి, ఎండలో పెట్టి ఫొటోలు తీశాను. ఊరి ఆన్‌లైన్ గ్రూపుల్లో రోజుకో ఫొటో పెట్టాను, అన్నీ ఒకేసారి పెడితే ఆసక్తి చచ్చిపోతుందని. తొమ్మిది కుక్కర్లూ వరుసగా పేర్చి తీసిన ఫొటో కింద "ఇన్నెందుకు?" అని ఎవరో అడిగారు. "శనివారం వచ్చి తెలుసుకోండి" అని జవాబిచ్చాను. (నాకూ తెలియదు.) మూలమీద ఉన్న డెయిరీకి వెళ్ళాను. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, ఇక్కడ వీధి చివర చిల్లరకొట్టుని అలాగే అంటారు. దాన్ని నడిపే గుజరాతీ అంకుల్‌ని బతిమాలి ఆయన గాజు తలుపు మీద కాగితం అంటించుకున్నాను.

దారి చూపే బోర్డులు అన్నిటికంటే ముఖ్యమని మామ్మ చెప్పింది. కారులో పోయేవాడికి రెండు క్షణాలే కనిపిస్తుంది కాబట్టి బాణం గుర్తు, రెండు మాటలు, అంతకు మించి ఉండకూడదట. అట్టపెట్టెలకి నా షెడ్డులో కొదవ లేదు. అక్షరాలు సరిపోయాయో లేదో చూడాలిగా? వరంగల్‌ని కారెక్కించి, వీధిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడపమని, నేను ఫుట్‌పాత్ మీద బోర్డు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. మూడుసార్లు నడిపి కిటికీ దించి, "సేల్ కనవడ్తుంది గని గరాజ్ కనవడ్తలేదే. నువ్వే అమ్మకానికున్నట్టు కొడ్తుంది" అంది. మళ్ళీ రాశాను. బోర్డులు పాతుకోవడానికి ఎవరింటి ముందు గడ్డి ఉంటే వాళ్ళ తలుపు తట్టి అనుమతి అడిగాను. ఏడాదిన్నరగా ఆ వీధిలో ఉంటూ నేను పలకరించనివాళ్ళందరినీ ఆ ఒక్క సాయంత్రంలో పలకరించాను. ఒకాయన తన గడ్డిలో మేకు కొట్టడానికి సుత్తి కూడా తెచ్చిచ్చాడు.

చివరి అస్త్రం తిండి. వచ్చినవాళ్ళకి ఉచితంగా వేడి వేడి పునుగులు పెడదామన్నాను. దాని కోసం శుక్రవారం సాయంత్రం నెల్లూరు అక్క తన గ్రైండర్‌లో పిండి రుబ్బింది. ఆ గ్రైండర్ గురించి చెప్పాలి. అక్క ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులోంచి ఆరు చీరలు తీసి పక్కన పడేసి, ఆ రాళ్ళ గ్రైండర్ తెచ్చుకుంది. ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే ఆఫీసరు రాయి చేత్తో పట్టుకుని ఇదేమిటని అడిగితే, "మా అల్పాహారం" అని చెప్పిందట. ఇంకో నెలలో ఆవిడ భర్త, కూతురు వస్తున్నారు. రెండేళ్ళ తరవాత అమ్మ చేతి ఇడ్లీలు తినబోతోందని ఆ పిల్లకి ప్రతి ఆదివారం ఫోనులో చెబుతూనే ఉంది. పిండి రుబ్బాక గ్రైండర్ కడిగి, ఆరాలని గరాజ్‌లో గోడవారగా పెట్టి, "నేను పొద్దున్నే డ్యూటీకి పోతాను, నాలుక్కి వస్తా. నూనె కాగేటప్పుడు జాగ్రత్త అమ్మే" అని పడుకుంది. జాగ్రత్తగా ఉండవలసింది నూనె విషయంలోనే అనుకుంది పాపం.

శనివారం పొద్దున కర్టెన్ లాగి చూస్తే హామిల్టన్ లేదు. ఊరంతా పొగమంచు. చలికాలం మొదట్లో ఇక్కడ మంచు పడుతుందని తెలుసు గానీ, ఆ రోజు పడినట్టు పడడం నేను చూడలేదు. మా వాకిట్లోంచి మా గేటు కనపడలేదు. రెండు వారాలు చెమటోడ్చి రాసిన నా పద్దెనిమిది బోర్డులూ ఆ తెల్లదనంలో ఎక్కడో నిలబడి ఎవరికీ దారి చూపడం లేదు. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. "ఎనిమిదికి ముందు రావద్దు" అన్న మాటని ఊరు మరీ పట్టుదలగా పాటిస్తోందనిపించింది. బల్లల మీద కుక్కర్లు మంచుకి చెమర్చి ఏడుస్తున్నట్టున్నాయి. వరంగల్ మొదటి వాయి పునుగులు తనే తిని, "ఇగ లోపలికి పోదాం పా. ఎవ్వలు రారు" అంది.

నేను లోపలికి పోలేదు. షెడ్డులో వేసుకునే నారింజ కోటు తొడుక్కున్నాను. వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం, గరిటె తీసుకున్నాను. మూలమీద డెయిరీ దాకా పరిగెత్తి రోడ్డు పక్కన నిలబడి వాయించడం మొదలుపెట్టాను. మొదట సిగ్గేసింది. తరవాత మంచులో నేనెవరో ఎవరికీ కనపడనని తెలిసి ధైర్యం వచ్చింది. "గరాజ్ సేల్! కుర్చీలు! కుక్కర్లు! వేడి వేడి తిండి!" అని ఇంగ్లీషులో అరుస్తూ, గుక్క తిప్పుకోవడానికి మధ్యలో తెలుగులో కూడా అరిచాను. మంచులోంచి ఒక కారు మెల్లగా వచ్చి ఆగింది. లోపలున్నావిడ అద్దం దించి, కంగారుగా "యాక్సిడెంట్ ఏమైనా అయిందా?" అని అడిగింది. "లేదండీ, కుర్చీలున్నాయి!" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, నవ్వేసి, మా వీధిలోకి తిప్పింది. ఆ మొదటి కారు వెనక లైట్లు మా వీధిలోకి తిరగడం మంచులో ఎర్రగా కనిపించినప్పుడు నాకు కలిగిన ఆనందం, తరవాత కోట్ల విలువైన ప్రచారాలు చేసినప్పుడు కూడా కలగలేదు.

తరవాత కారు వెనక కారు. డెయిరీ అంకుల్ కొట్టులోంచి బయటికొచ్చి, "బేటీ, నా కస్టమర్లందరినీ అటే పంపిస్తున్నా, నాకు రెండు పునుగులు దాచు" అన్నాడు. పదింటికి మంచు విడిపోయి ఎండ వచ్చేసరికి మా వాకిలి జాతర జరుగుతున్నట్టుంది. నేను వెనక్కి పరిగెత్తుకొచ్చి అమ్మకాల్లో దూకాను. కుక్కర్లు తొమ్మిదీ ఒక రగ్బీ క్లబ్బు వాళ్ళు పట్టుకెళ్ళారు (మూతల సంగతి వాళ్ళే చూసుకుంటారట). చేపల తొట్టిని ఒక టీచరు తాబేలుకి తీసుకుంది. కంబళ్ళు కుక్కల ఆశ్రమానికి పోయాయి. ఒంటి పెడల్ సైకిల్‌ని ఒకాయన ఇష్టపడి మరీ కొనుక్కున్నాడు. కారణం అడిగితే తన ఎడమ మోకాలు పనిచేయదన్నాడు. ఒక్కొక్క వస్తువు వెళ్ళిపోతుంటే నాకు మత్తెక్కినట్టయింది. ఇంకా ఏముంది, ఇంకా ఏముంది అని కళ్ళు వెతుకుతున్నాయి.

సరిగ్గా అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన. నెరిసిన జుట్టు వెనక్కి కట్టుకుని, ఒంటిమీద బట్టల నిండా ఎండిన మట్టితో, ఆరో పునుగు నములుతూ, "ఇంత మెత్తగా ఎలా వచ్చింది ఇది? దేంతో చేస్తారు?" అని నన్నడిగాడు. ఎవరైనా అయితే మినప్పప్పు అని చెప్పి ఊరుకుంటారు. నేను మార్కెటింగ్ చదివినదాన్ని. ఆయన్ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి గరాజ్ గోడవారకి తీసుకెళ్ళాను. "ఇదిగో, దీంతో! అసలైన గ్రానైటు రాళ్ళు. దీన్ని మించిన యంత్రం లేదు. తరాలపాటు అరగదు!" అని ప్లగ్గు పెట్టి తిప్పి చూపించాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళు గుండ్రంగా తిరగడం నోరు తెరుచుకుని చూశాడు. తలెత్తి "ఎంత?" అన్నాడు.

నా నోట్లోంచి ఒక ధర వచ్చింది. ఆయన బేరమాడకుండా చేతిలో పెట్టి, తన వర్క్‌షాపు చిరునామా ఉన్న కార్డిచ్చి, గ్రైండర్ ఎత్తుకుని తన బండిలో పెట్టుకున్నాడు. నేను రాళ్ళు మోయడంలో సాయం కూడా చేశాను. నిన్న సాయంత్రం పిండి అందులోనే రుబ్బారని ఆయనకి చెప్పింది నేనే. అది ఎవరిదో మాత్రం నాకు నేను చెప్పుకోలేదు.

నాలుగింటికి అక్క వచ్చింది. ఖాళీ గరాజ్ మధ్యలో నేనూ వరంగల్ చీపుళ్ళు పట్టుకుని గంతులేస్తున్నాం. అక్క కూడా నవ్వుతూ చుట్టూ చూసి, "ఏమబ్బా, ఊడ్చేసినట్టు అమ్మేశారే!" అంది. తరవాత గోడవైపు చూసింది. "నా గ్రైండర్ ఏడమ్మే? లోపల పెట్టినారా?"

వరంగల్ నావైపు చూసింది. నేను చీపురువైపు చూశాను. "అక్కా... ఆయన చాలా ఇష్టపడ్డాడక్కా" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ జవాబు ప్రపంచంలో ఎవరైనా చెప్పి ఉంటారా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అక్క నన్ను తిట్టలేదు. యూనిఫామ్‌తోనే గరాజ్ గడప మీద కూర్చుని, "బిడ్డొచ్చేది ఇంకో నెలకే గదమ్మే" అంది మెల్లగా. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. వరంగల్ కారు తాళాలు తీసింది. "ఏడుస్తె రాదక్కా. కార్డుంది గద, పోదాం పా" అంది.

ఆయన ఉండేది రాగ్లన్ వైపు కొండల్లో. ఫోను చేస్తే సిగ్నల్ లేదు. ముప్పావుగంట మెలికల రోడ్డులో నేను వెనక సీట్లో కూర్చుని, మళ్ళీ కొనడానికి చెప్పవలసిన మాటలు మనసులో తయారుచేసుకున్నాను. వెళ్ళేసరికి షెడ్డు తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల అక్క గ్రైండర్ గిర్రున తిరుగుతోంది. అందులో బూడిద, రాతిపొడి, ఏదో పచ్చటి రసాయనం కలిసి చిక్కటి బురదలా నలుగుతున్నాయి. ఆయన కుండలు చేసే మనిషి. కుండలకి మెరుపు పూత నూరడానికి ఏళ్ళ తరబడి ఇలాంటి యంత్రం కోసం వెతుకుతున్నాడట. ఇక అందులో ఇడ్లీ పిండి రుబ్బే ప్రసక్తి లేదని చూడగానే ముగ్గురికీ అర్థమైపోయింది.

సంగతి చెబితే ఆయన ముఖం పాలిపోయింది. గబగబా స్విచ్చి ఆపేసి, నెత్తిమీద చేతులు పెట్టుకుని, "అయ్యో, తీసుకెళ్ళండి, డబ్బులేం వద్దు, కడిగిస్తాను" అని ఒకటే గొడవ. అక్క ఆయన మాట వినడం లేదు. చుట్టూ బల్లల మీద ఆరబెట్టిన గిన్నెల్ని చూస్తోంది. ఒకటి తీసుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "కూర వండేదానికి చేసినాడా ఇది?" అని నన్నడిగింది. నేను ఆయన్నడిగి అవునన్నాను. "దీంట్లో చేపల పులుసు చేస్తే అడుగంటి చస్తాది. మూతి ఇంత వెడల్పేంది? చట్టి ఇట్ట ఉండాల" అని రెండు చేతులతో గాలిలో చూపించింది. ఆయన తక్షణం చక్రం ముందు కూర్చున్నాడు. అక్క పక్కన నిలబడి, "ఇంకా లోపలికి... చాలు చాలు... పొట్ట పెంచు... అట్ట కాదయ్యా!" అని తెలుగులోనే చెబుతోంది. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయన చేతులు సరైన చోటికి పోతున్నాయి. కాసేపటికి నేను చెప్పడం మానేశాను. నా అవసరం అక్కడ ఎవరికీ లేదు. అక్క చివరికి తనే చెయ్యి పెట్టి అంచు సరిచేసి, మట్టిచేతులతో నావైపు తిరిగి నవ్వింది. అంతవరకూ ఆపుకున్న నా ఏడుపు అప్పుడు వచ్చింది. "ఎందుకమ్మే ఇప్పుడేడుస్తావ్? ఏడవాల్సినదాన్ని నేను" అంది అక్క.

గ్రైండర్ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన కాల్చి పంపిన మొదటి చట్టి పొయ్యిమీద పెట్టగానే పగిలి, పులుసంతా స్టవ్‌లోకి దిగింది. రెండోది బీటలిచ్చింది. మూడోది నిలబడింది. ఇక మా సేల్‌లో వచ్చిన సొమ్మంతా తీసుకుని నేనూ వరంగల్ ఆక్లాండ్ వెళ్ళి, ఇండియన్ షాపులో కొత్త గ్రైండర్ కొని అక్క కొత్త ఇంట్లో పెట్టాం. అంతటి ఘనవిజయం తరవాత నా దగ్గర మిగిలింది బస్సు కార్డే. నెల తరవాత అక్క కూతురు వచ్చింది. తెల్లారుజామునే లేచి అక్క పెట్టిన మల్లెపూలలాంటి ఇడ్లీలని ఆ పిల్ల ఒకటి గిల్లి, "అమ్మా, ఇక్కడ కేకులుంటాయన్నావుగా?" అని అడిగింది. అక్క పడీపడీ నవ్వింది. మధ్యాహ్నం చట్టిలో పులుసు మాత్రం అదే పిల్ల మూడుసార్లు పోయించుకుంది.

ఇప్పుడు నేను ఆక్లాండ్‌లో ఒక పెద్ద కంపెనీకి ప్రచారాలు చేస్తుంటాను. మౌంట్ ఆల్బర్ట్‌లో ఇల్లు. గదినిండా మనుషులు, గోడనిండా స్క్రీన్లు, ఎవరు ఏ ప్రకటనని ఎన్ని క్షణాలు చూశారో చెప్పే పట్టికలు. కిందటి వారం మా టీములోకి ఒక కొత్త అమ్మాయిని తీసుకోవడానికి ఇంటర్వ్యూలు చేశాం. వచ్చిన పిల్లలందరూ చక్కగా, నెమ్మదిగా, తూచినట్టు మాట్లాడారు. అందరికీ మంచి మార్కులే వేశాను. కానీ చివరి పిల్ల వెళ్ళాక ఖాళీ కుర్చీ చూస్తూ కూర్చుంటే, హామిల్టన్‌లో ఇరవై నాలుగేళ్ళ ఆ కాకినాడ పిల్ల వచ్చి అందులో కూర్చుంటే ఏం చేసేదాన్నా అనిపించింది. ఆమె చెప్పేదంతా వినకముందే ఉద్యోగం ఇచ్చేసేదాన్ని. కాకపోతే ఆమె పనిచేసినన్నాళ్ళూ నా కుర్చీ, నా కాఫీ కప్పు నాతోపాటే మీటింగులకి మోసుకుపోయేదాన్ని.